ఊరూ పేరూ లేని నంబర్‌ని నమ్మొచ్చా? ఫోన్ డ్రాప్ సిమ్యులేషన్ వెనక ఉన్న అసలు తలనొప్పి

గొరిల్లా గ్లాస్ విక్టస్ 2 గుర్తుందా? 2022 చివర్లో కార్నింగ్ దాన్ని ప్రకటించినప్పుడు రెండు నంబర్లు చెప్పింది. కాంక్రీట్‌ని పోలిన గరుకు తలం మీద అయితే 1 మీటరు ఎత్తు నుంచి పడినా తట్టుకుంటుంది, తారురోడ్డుని పోలిన తలం మీద అయితే 2 మీటర్లు. గ్లాస్ అదే. మారింది కింద ఉన్న నేల మాత్రమే. అయినా నంబర్ రెండింతలైంది.

ఇప్పుడు ఎవరో "ఈ గ్లాస్ 2 మీటర్లు తట్టుకుంటుంది బ్రో" అని ఒక్క ముక్క చెప్పి ఊరుకున్నారనుకోండి. అది అబద్ధం కాదు. కానీ నిజమూ కాదు. ఏ నేల మీద, ఏ గ్లాస్‌తో అన్న వివరం దారిలో రాలిపోయింది. ఊరూ పేరూ లేని నంబర్ మిగిలింది.

మన చేతికి ఫోన్ రాకముందే, కంపెనీల లోపల ఇలాంటి నంబర్లు లెక్కలేనన్ని పుడతాయి. వాటిలో చాలావరకు నిజంగా ఫోన్‌ని కింద పడేస్తే వచ్చినవి కావు, కంప్యూటర్‌లో పడేస్తే వచ్చినవి. నేను రాసేది ఆ సిమ్యులేషన్ కోడ్ కాదు. ఆ ఫైళ్లు ఎక్కడుంటాయి, ఏది దేని నుంచి వచ్చింది, ఏది పాతబడిపోయింది అని కనిపెట్టుకుని ఉండే టూల్స్ మీద పని చేస్తుంటాను. వినడానికి బోరింగ్ టాపిక్. కానీ ఇంజినీరింగ్‌లో కొంపలు ముంచే విషయాల్లో ఇదొకటి. ఎందుకో చూద్దాం.

కంప్యూటర్‌లో ఫోన్ ఎలా పడుతుంది?

ముందు ఒక చిన్న సీక్రెట్. సిమ్యులేషన్‌లో ఫోన్ నిజానికి పైనుంచి "పడదు". గాల్లో కిందికి వచ్చేంతసేపూ దానికి ఏమీ కాదు కదా, ఆ భాగం లెక్కకట్టడం టైమ్ వేస్ట్. అందుకే ఫోన్‌ని నేలకి ఆనీ ఆననట్టు పెట్టి, ఆ ఎత్తు నుంచి పడితే ఎంత వేగం ఉంటుందో అంత వేగం ముందే ఇచ్చేస్తారు. 1 మీటరుకి సెకనుకి సుమారు 4.4 మీటర్లు, 1.5 మీటర్లకి సుమారు 5.4. ఇంటర్‌లో చదివిన ఫార్ములానే.

ఆ తర్వాత ఎల్‌ఎస్-డైనా, అబాకస్ లాంటి సాల్వర్లు పని మొదలుపెడతాయి. ఫోన్‌ని చిన్న చిన్న ముక్కలుగా కోసి, అంటే మెష్ చేసి, ప్రతి ముక్కకీ అతి చిన్న టైమ్ స్టెప్పులలో లెక్క కడతాయి. ఎంత చిన్నవి? గ్లాస్‌లో ధ్వని తరంగం సెకనుకి దాదాపు 5.5 కిలోమీటర్లు వెళుతుంది. ఒక ముక్క 0.1 మిల్లీమీటర్ ఉంటే, ఆ తరంగం దాన్ని దాటే సమయం కన్నా స్టెప్ తక్కువుండాలి. అంటే 18 నానోసెకన్లకి లోపే. 3 మిల్లీసెకన్ల దెబ్బకి లక్షన్నర పైచిలుకు స్టెప్పులు! ప్రతి స్టెప్‌నీ సేవ్ చేస్తే డిస్కులు సరిపోవు కాబట్టి మధ్యమధ్యలో కొన్నే దాచుకుంటారు.

చివరికి స్క్రీన్ మీద కనిపించేది ఎరుపు, పసుపు, నీలం రంగుల ఫోన్ బొమ్మ. "కార్నర్‌లో స్ట్రెస్ ఇంత" అని ఒక నంబర్. ఆ నంబర్ పుట్టడానికి ఏమేం కావాలో చూడండి:

• జామెట్రీ: డిజైన్ మోడల్. అందులో ఏ రివిజన్?
• మెష్: ముక్కలు ఎంత సైజు, ఎక్కడ సన్నగా, ఎక్కడ లావుగా?
• మెటీరియల్ కార్డ్: గ్లాస్, అల్యూమినియం, జిగురు, బ్యాటరీ ఎలా వంగుతాయో, ఎప్పుడు విరుగుతాయో చెప్పే అంకెలు. ఏ టెస్ట్ నుంచి వచ్చాయి?
• పరిస్థితులు: ఎత్తు, కోణం, నేల, ఏ మూల ముందు తగిలింది?
• సాల్వర్: ఏ వెర్షన్, సింగిల్ ప్రెసిషనా, డబులా, ఎన్ని కోర్ల మీద నడిచింది?
• ఫలితం తీసిన తీరు: ఎంత గ్యాప్‌లో డేటా సేవ్ చేశారు, ఏ ఫిల్టర్ వాడారు?

ఆఖరి రెండూ చాలామంది పట్టించుకోరు. కానీ కోర్ల సంఖ్య మారితే కూడికలు జరిగే వరస మారుతుంది, ఫ్లోటింగ్ పాయింట్ లెక్కలో ఆ చిన్న తేడా లక్ష స్టెప్పుల తర్వాత కంటికి కనిపించేంత కావచ్చు. అలాగే సేవ్ చేసిన రెండు ఫ్రేముల మధ్యలో అసలు పీక్ వచ్చి పోయి ఉంటే, రిపోర్టులో అది ఉండదు. బొమ్మ మాత్రం అందంగానే ఉంటుంది.

అసలు సమస్య తప్పు కాదు, మార్పు

సిమ్యులేషన్ రన్ కొన్ని గంటలు పడుతుంది, కొన్నిసార్లు రోజులు. ఈలోపు డిజైన్ టీమ్ ఖాళీగా కూర్చోదు. కెమెరా ఉబ్బు కొంచెం జరుగుతుంది, ఫ్రేమ్ పల్చన అవుతుంది, జిగురు సప్లయర్ మారతాడు. మంగళవారం మొదలుపెట్టిన రన్ గురువారం పూర్తయ్యేసరికి, అది లెక్కకట్టిన ఫోన్ ఇక లేదు.

దాంతో ఒక ప్రశ్న: పాత ఫలితాల్లో ఏవి ఇంకా పనికొస్తాయి, ఏవి మళ్లీ రన్ చెయ్యాలి?

నేను చూసిన ఒక ప్రాజెక్టులో ఒకే మోడల్ మీద రెండు రిపోర్టులు వచ్చాయి. రెండు వేర్వేరు జవాబులు. ఇద్దరు అనలిస్టులూ అనుభవం ఉన్నవాళ్లే, ఇద్దరి సెటప్పూ సరిగ్గానే ఉంది. రెండు రోజులకి పైగా తవ్వితే తేలిందేంటంటే, షేర్డ్ డ్రైవ్‌లో ఉన్న ఒక ప్లాస్టిక్ మెటీరియల్ ఫైల్‌ని మధ్యలో ఎవరో సప్లయర్ ఇచ్చిన కొత్త డేటాతో మార్చారు. ఫైల్ పేరు అదే. కొత్త డేటా కూడా కరెక్టే, నిజానికి పాతదానికన్నా మంచిది. అంటే ఒక మంచి మార్పు, చెప్పాపెట్టకుండా వచ్చింది కాబట్టి, రెండు రిపోర్టుల్నీ అనుమానంలో పడేసింది. ఎవరూ తప్పు చెయ్యలేదు, అయినా ఏదీ నమ్మలేని పరిస్థితి.

"ఫైనల్", "ఫైనల్_2", "ఫైనల్_కొత్తది", "ఫైనల్_ఇదే_వాడండి". ఈ పేర్లు మీ ల్యాప్‌టాప్‌లో కూడా ఉంటాయి, ఒప్పుకోండి. ఒక్కరే పని చేస్తుంటే ఇదొక జోక్. యాభై మంది చేస్తుంటే జోక్ కాదు.

"గిట్ వాడేస్తే పోలా?"

సాఫ్ట్‌వేర్ వాళ్లకి మొదట వచ్చే ఆలోచన ఇదే. కొంతవరకు కరెక్ట్. ఇన్‌పుట్ ఫైళ్లు, స్క్రిప్టులు టెక్స్ట్ కాబట్టి గిట్‌లో హాయిగా ఉంటాయి. కానీ మూడు చోట్ల ఇరుక్కుంటాం.

ఒకటి, సైజు. గిట్‌హబ్ 100 ఎంబీ దాటిన ఫైల్‌ని మామూలుగా తీసుకోదు. ఇక్కడ ఒక్కో రన్ ఫలితమే జీబీల్లో ఉంటుంది. గిట్ ఎల్‌ఎఫ్‌ఎస్, డీవీసీ లాంటివి పెద్ద ఫైల్‌ని వేరేచోట పెట్టి, గిట్‌లో దాని గుర్తు మాత్రమే ఉంచుతాయి. అది కొంత ఊరట.

రెండు, తేడా చూపించడం. కోడ్‌లో ఒక లైన్ మారితే గిట్ ఆ ఒక్క లైనే చూపిస్తుంది. కానీ అదే ఆకారాన్ని మళ్లీ మెష్ చేస్తే నోడ్ నంబర్లన్నీ మారిపోవచ్చు. లక్షల లైన్లు మారాయని గిట్ గగ్గోలు పెడుతుంది, ఫోన్ మాత్రం మారలేదు. మరోవైపు మెటీరియల్ కార్డ్‌లో ఒక్క అంకె మారితే ఒక్క లైనే కనిపిస్తుంది, ఫలితం తలకిందులవుతుంది. అంటే తేడా ఎంత ఉందన్నది కాదు, ఆ తేడాకి అర్థం ఏంటన్నది ముఖ్యం.

మూడు, అన్నిటికన్నా ముఖ్యమైనది: బంధాలు. గిట్ ఫైల్ చరిత్ర చెబుతుంది. "ఈ రంగుల బొమ్మ ఏ రన్‌ది, ఆ రన్ ఏ మెష్‌ది, ఆ మెష్ ఏ డిజైన్ రివిజన్‌ది" అని తనంతట తాను చెప్పదు.

ఈ మూడోది సాఫ్ట్‌వేర్ ప్రపంచానికి కొత్తేం కాదు. 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ రాసిన మేక్ ప్రోగ్రామ్ చేసే పనే ఇది: దేని మీద ఏది ఆధారపడిందో ఒక చెట్టులా రాసిపెట్టుకుని, ఒక ఫైల్ మారితే దానిపై ఆధారపడిన వాటినే మళ్లీ తయారు చెయ్యడం. విచిత్రం ఏంటంటే ఎల్‌ఎస్-డైనాకి మూలమైన డైనా3డీ కూడా లారెన్స్ లివర్‌మోర్ ల్యాబ్‌లో జాన్ హాల్‌క్విస్ట్ చేతుల మీదుగా అదే 1976లో వచ్చింది. ఇద్దరూ దాదాపు యాభై ఏళ్లవాళ్లు. కానీ చాలా ఆఫీసుల్లో ఇప్పటికీ ఒకరికొకరు పరిచయం లేదు!

అయితే మేక్‌కీ సిమ్యులేషన్‌కీ ఒక పెద్ద తేడా ఉంది. కోడ్ మారితే మళ్లీ కంపైల్ చెయ్యడం చవక. రెండు రోజుల రన్‌ని ప్రతి చిన్న మార్పుకీ మళ్లీ తిప్పలేం. సిమ్ ట్రే రంగు మారితే డ్రాప్ టెస్ట్ మళ్లీ అక్కర్లేదు, ఇంజినీర్‌కి తెలుసు. కానీ ఆ "అక్కర్లేదు" అన్నది కూడా ఒక నిర్ణయం. ఎవరు తీసుకున్నారు, ఎందుకు తీసుకున్నారు అన్నది రాసి ఉండాలి. ఎందుకంటే ఆర్నెల్ల తర్వాత ఆ ట్రే రంగే కాదు, ప్లాస్టిక్ గ్రేడ్ కూడా మారిందని తెలిస్తే, వెనక్కి వెళ్లి చూసుకోవడానికి ఉన్నది ఆ ఒక్క వాక్యమే. చేసిన రన్ల రికార్డు అందరూ ఉంచుతారు. చెయ్యని రన్ల రికార్డు ఉంచేవాళ్లు తక్కువ.

యూనిట్ అనే చిన్న ముక్క

ఎల్‌ఎస్-డైనాకి యూనిట్లు తెలియవు. మీరు ఇచ్చిన అంకెలు ఒకదానికొకటి పొసిగితే చాలు అనుకుంటుంది. స్టీల్ సాంద్రత కిలోగ్రాములు, మీటర్లలో 7850. టన్నులు, మిల్లీమీటర్లలో రాస్తే 0.00000000785. ఫైల్‌లో అంకె మాత్రమే ఉంటుంది, పక్కన యూనిట్ ఉండదు. ఆ ఫైల్‌ని వేరే టీమ్ తీసుకుని వేరే యూనిట్ల మోడల్‌లో అతికిస్తే సాల్వర్ అభ్యంతరం చెప్పకపోవచ్చు. చక్కగా రన్ చేసి, చక్కటి చెత్త ఇస్తుంది.

ఇదేదో స్టూడెంట్ స్థాయి పొరపాటు అనుకోకండి. 1998 డిసెంబర్‌లో బయల్దేరిన నాసా మార్స్ క్లైమేట్ ఆర్బిటర్, 1999 సెప్టెంబర్ 23న అంగారకుడి దగ్గరికి చేరి మాయమైపోయింది. నేల మీద ఉన్న ఒక సాఫ్ట్‌వేర్ థ్రస్టర్ల డేటాని పౌండ్-ఫోర్స్ సెకన్లలో రాసింది. చదివే వైపు న్యూటన్ సెకన్లు అనుకుంది. రెండిటికీ మధ్య 4.45 రెట్ల తేడా. అంకెలు ఫైల్ దాటాయి. యూనిట్ దాటలేదు.

కొలంబియా: రాసి ఉన్నా చేరని వాక్యం

ఇంకా బాధ కలిగించే కేసు ఒకటుంది. మన కల్పనా చావ్లా ప్రయాణించిన కొలంబియా.

2003 జనవరి 16న లాంచ్ అయిన 82 సెకన్లకి, బయటి ఇంధన ట్యాంక్ నుంచి ఒక ఫోమ్ ముక్క ఊడి ఎడమ రెక్కకి తగిలింది. షటిల్ ఇంకా ఆకాశంలో ఉండగానే ఇంజినీర్లు దెబ్బ ఎంతో అంచనా వెయ్యడానికి క్రేటర్ అనే లెక్కల టూల్ వాడారు. ఆ టూల్ చిన్న ఫోమ్ ముక్కల టెస్టుల మీద తయారైంది. ఆ టెస్టుల్లో ముక్క పరిమాణం 3 ఘనపు అంగుళాలు. ఇంజినీర్ల స్లైడ్‌లోనే ఈసారి తగిలిన ముక్కకి వేసుకున్న పరిమాణం 1920 ఘనపు అంగుళాలు. 640 రెట్లు. అంటే టూల్‌కి తెలిసిన ప్రపంచం ఒకటి, అడిగిన ప్రశ్న ఇంకో ప్రపంచానిది.

ఇక్కడ ఆగి ఒక విషయం గమనించాలి. ఆ పోలిక ఎవరూ దాచలేదు. స్లైడ్‌లో రాసే ఉంది. కానీ అడుగున, చిన్న అక్షరాలతో. శీర్షికలో మాత్రం టెస్ట్ డేటా ప్రకారం లెక్క జాగ్రత్త వైపే ఉందన్న ధ్వని. క్రేటర్ దెబ్బని అసలు కన్నా ఎక్కువ చేసి చూపిస్తుందన్న పాత అనుభవంతో, అది చూపించిన లోతైన నష్టాన్ని కూడా తగ్గించి చూశారు. పై స్థాయి సమావేశానికి చేరేసరికి మిగిలింది భద్రతకి ముప్పు లేదన్న మాట. ఆ మాట దేని మీద నిలబడిందో మాటతో పాటు వెళ్లలేదు.

ఫిబ్రవరి 1న తిరిగి వస్తూ కొలంబియా ముక్కలైంది. ఏడుగురూ చనిపోయారు. అదే ఏడాది జులైలో శాన్ ఆంటోనియోలోని సౌత్‌వెస్ట్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో రెక్క అంచు ప్యానెల్ మీదికి ఫోమ్‌ని ఆ వేగంతో పేల్చి చూస్తే, సుమారు 16 అంగుళాల బొక్క పడింది.

అందుకే ట్రేసబిలిటీ అంటే ఎక్కడో ఒకచోట రాసిపెట్టడం మాత్రమే కాదని నా గట్టి నమ్మకం. ఫలితం ఎక్కడికి వెళితే దాని షరతులు కూడా అక్కడికి వెళ్లాలి. సర్వర్‌లో పదిలంగా ఉండి, నిర్ణయం తీసుకునే మనిషి ముందుకి రాని రికార్డు ఎవర్నీ కాపాడదు.

కొలంబియా తర్వాత నాసా మోడళ్లు, సిమ్యులేషన్ల కోసం ప్రత్యేకంగా ఒక ప్రమాణం తెచ్చింది. పేరు నాసా-ఎస్‌టీడీ-7009, 2008లో వచ్చింది. ఫలితాన్ని ఎంత నమ్మొచ్చో తేల్చడానికి అందులో ఎనిమిది అంశాలున్నాయి. వాటిలో ఒకటి ఇన్‌పుట్ల వంశచరిత్ర. ఇంకొకటి ఈ మోడల్‌ని ఇంతకుముందు దేనికి వాడారన్నది. మరొకటి నడిపిన మనుషుల అర్హత. ఎంత ఖచ్చితంగా లెక్కకట్టావు అన్నదానితో పాటు, ఎక్కడి నుంచి తెచ్చావు, ఎవరు నడిపారు అని కూడా అడుగుతుంది.

పెద్ద కంపెనీలు ఏం వాడతాయి?

ఈ పని కోసం పుట్టిన సాఫ్ట్‌వేర్ జాతి పేరు ఎస్‌పీడీఎం, అంటే సిమ్యులేషన్ ప్రక్రియనీ డేటానీ కలిపి చూసుకునేది. ఆన్సిస్ మినర్వా, ఎమ్‌ఎస్‌సీ సిమ్‌మేనేజర్, సీమెన్స్ టీమ్‌సెంటర్ సిమ్యులేషన్ ఈ కోవలోవే. డిజైన్‌కి కొత్త రివిజన్ రాగానే దాని మీద ఆధారపడిన రన్లకి "పాతబడింది" అని గుర్తు పెట్టడం, రిపోర్టులోని నంబర్ నుంచి వెనక్కి మెటీరియల్ టెస్ట్ దాకా వెళ్లే దారి ఉంచడం వీటి పని.

ఖరీదైనవి, సెటప్ కష్టం. నా అనుభవంలో అసలు కష్టం అది కూడా కాదు. అనలిస్ట్‌ని ఇరవై బాక్సుల ఫామ్ నింపమంటే, డెడ్‌లైన్ రోజు అన్నిట్లో చుక్క పెట్టి సేవ్ కొడతారు. వాళ్లని అనడానికి లేదు. మనిషిని అడక్కుండా మెషీనే పట్టుకోగలిగిన వివరాలు దాదాపు అన్నీ ఉన్నాయి: వెర్షన్, కోర్లు, తేదీ, ఫైళ్ల హ్యాష్‌లు. మనిషిని ఒక్కటే అడగాలి: "ఈ రన్ ఎందుకు చేస్తున్నావు?" ఆ ఒక్కటీ మెషీన్‌కి తెలియదు.

మీ బీటెక్ ప్రాజెక్టుకి సరిపోయే ఉచిత పద్ధతి

ఓపెన్‌ఫోమ్‌తో డ్రోన్ రెక్క చేస్తున్నా, ఆన్సిస్ స్టూడెంట్ వెర్షన్‌తో బ్రాకెట్ చేస్తున్నా ఇది చాలు.

1. ప్రతి రన్‌కీ కొత్త ఫోల్డర్. పాతదాని మీద ఎప్పుడూ రాయొద్దు. డిస్క్ నిండితే ఫలితాలు చెరపండి, ఇన్‌పుట్లు కాదు. ఇన్‌పుట్లు, సాల్వర్ వెర్షన్ ఉంటే మళ్లీ రన్ చేసుకోవచ్చు.
2. ప్రతి ఇన్‌పుట్ ఫైల్‌కీ ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్ తీసి ఒక టెక్స్ట్ ఫైల్‌లో పెట్టండి. ఫైల్‌లో ఒక్క అక్షరం మారినా హ్యాష్ పూర్తిగా మారిపోతుంది. పేరు మోసం చేస్తుంది, హ్యాష్ చెయ్యదు. పైథాన్‌లో పది లైన్ల పని.
3. అదే ఫైల్‌లో సాల్వర్ వెర్షన్, కోర్ల సంఖ్య, యూనిట్లు రాయండి. యూనిట్లు తప్పనిసరి.
4. మెటీరియల్ అంకెల పక్కన ఎక్కడి నుంచి తెచ్చారో రాయండి. డేటాషీటా, పుస్తకమా, ల్యాబ్ టెస్టా? "నెట్‌లో దొరికింది" అయినా సరే, నిజాయితీగా అదే రాయండి.
5. ఒక వాక్యం: ఈ రన్ దేనికి, ముందు రన్‌కీ దీనికీ తేడా ఏంటి.
6. రిపోర్టులో పెట్టే ప్రతి బొమ్మ మూలలో రన్ నంబర్ ముద్రించండి. స్క్రిప్ట్‌తోనే వేయించండి, చేత్తో కాదు. బొమ్మని వాట్సాప్‌లో పంపినా నంబర్ దానితోనే వెళుతుంది.

వైవాలో "ఈ వాల్యూ ఎలా వచ్చింది?" అని అడిగితే మీరు తడుముకోరు. ఇంటర్వ్యూలో చెబితే, డిజైన్ కంపెనీల వాళ్లు నిజంగా చెవులు రిక్కించి వింటారు.

ఇక మన రివ్యూల సంగతి

ఇదే చూపుతో మనం రోజూ వాదించుకునే నంబర్లని చూడండి. గీక్‌బెంచ్ 5లో ఇంటెల్ కోర్ ఐ3-8100 ప్రాసెసర్‌ని 1000 అనుకుని స్కేల్ కట్టారు. గీక్‌బెంచ్ 6లో కోర్ ఐ7-12700ని 2500 అనుకున్నారు. టెస్టులూ మారాయి. ఒకదాని స్కోర్ పక్కన ఇంకోదాని స్కోర్ పెట్టి "మా ఫోన్ గెలిచింది" అంటే అది పోలికే కాదు. వెర్షన్ రాయని స్కోర్ సగం స్కోర్.

"మిలిటరీ గ్రేడ్" కూడా అంతే. ఎంఐఎల్-ఎస్‌టీడీ-810హెచ్ అన్నది ఒక్క టెస్ట్ కాదు, వేడి, తేమ, దుమ్ము, కుదుపు ఇలా ఎన్నో పద్ధతుల సంపుటి. అందులోని డ్రాప్ టెస్ట్‌లో 26 సార్లు పడేస్తారు, కానీ ఆ 26 దెబ్బల్ని ఐదు పీసుల దాకా పంచుకోవడానికి ప్రమాణమే ఒప్పుకుంటుంది. ఎత్తు ఎంత, కింద ఏముంది, ఎన్ని ఫోన్లు వాడారు అన్నది చెప్పకుండా బాక్స్ మీద బ్యాడ్జ్ మాత్రం ఉంటే, అది రంగుల బొమ్మే.

కాబట్టి ఈసారి ఏ లాంచ్ ఈవెంట్‌లోనైనా పెద్ద అక్షరాలతో ఒక నంబర్ కనిపిస్తే, వెంటనే చప్పట్లు కొట్టకండి, వెంటనే తిట్టకండి కూడా. కింద చిన్న అక్షరాల్లో ఏముందో పాజ్ చేసి చదవండి. ఏ వెర్షన్, ఏ నేల, ఎన్ని పీసులు అని కామెంట్లలో అడగండి. మా రివ్యూల్లో ఆ వివరాలు కనిపించకపోతే మమ్మల్నీ అడగండి. ఫోన్ తయారుచేసే ఇంజినీర్ లోపల అడగాల్సిన ప్రశ్నా, కొనే మీరు బయట అడగాల్సిన ప్రశ్నా ఒక్కటే: ఈ నంబర్ ఎక్కడి నుంచి వచ్చింది?